లైన్ క్లియర్ వచ్చాక కూడా

త్రిమూర్తులుది రాజోలు దగ్గర లంక గ్రామం. అబుదాబి దగ్గర ముసఫ్ఫాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో కరెంటు లైన్లు బాగుచేసే పని. క్యాంపులో అతనికి ‘చెకింగ్ మూర్తి’ అని పేరు. ముద్దుగా పెట్టిందేమీ కాదు. సరఫరా ఆపేశామని సబ్‌స్టేషన్ నుంచి ‘లైన్ క్లియర్’ కాగితం చేతికొచ్చినా, తీగకు టెస్టర్ పెట్టి చూసి, ఎర్త్ వైర్లు తగిలించేదాకా అతను చెయ్యి వెయ్యడు. దానికి పది నిమిషాలు పడుతుంది. ఎండలో హెల్మెట్లు పెట్టుకుని నిలబడ్డవాళ్లకు ఆ పది నిమిషాలూ గంటలా ఉంటాయి.

ఆ పట్టుదల ఊళ్లోనే వచ్చింది. అక్కడ కాంట్రాక్టు లైన్‌మన్‌గా ఉన్న రోజుల్లో జతగాడు భీమరాజు “లైన్ క్లియర్ ఉంది కదరా” అంటూ స్తంభమెక్కి తీగ పట్టుకున్నాడు. ఎవరిదో జనరేటర్ కరెంటు లైన్లోకి ఎదురొచ్చింది. శవాన్ని కిందికి దించింది త్రిమూర్తులే. గల్ఫ్‌కు వచ్చాక ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

2024 ఏప్రిల్‌లో ఎన్నడూ చూడనంత వాన పడింది. ఎడారిలో తోటలకు వెళ్లే లైను రెండుచోట్ల తెగింది. మూడోనాటి ఉదయం అయిదుగురు బయల్దేరారు. ఫోర్‌మన్ రహమతుల్లాది కడప జిల్లా. మనిషి మంచివాడే గానీ, ఆ రోజు ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, గంటకోసారి ఫోన్ చేసి తొందరపెడుతున్నాడు.

“యల్లా మూర్తీ, కానీయ్! లైన్ క్లియర్ వచ్చేసిందప్పా. ఈ పొద్దన్నా నీ చెకింగ్ ఇడ్సిపెట్టు.”

“పది నిమిషాలే భాయ్. తిట్టుకున్నా పర్లేదండి.”

క్రేన్ బుట్టలో పైకి వెళ్లి, పొడవాటి ఫైబర్ కర్ర చివరనున్న టెస్టర్‌ను తీగ దగ్గరికి చేర్చాడు. అది కీచుమని అరిచింది. ఎర్రలైటు వెలిగింది.

“మిషన్ చెడిపోయిందేమో!” కింద నుంచి రహమతుల్లా అరిచాడు.

త్రిమూర్తులు టెస్టర్ మీది బటన్ నొక్కి చూశాడు. బాగానే ఉంది. రెండో తీగ దగ్గర పెట్టినా అదే అరుపు.

“దించండి భాయ్. తీగ జోలికి ఎవరూ పోవద్దు.”

సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే సరఫరా లేదన్నారు. లైను వెంట వాహనంలో వెళ్లారు. రెండు కిలోమీటర్ల అవతల ఒక తోటలో జనరేటర్ హోరున నడుస్తోంది. ఒంటెలకు నీళ్లు తోడడానికి అక్కడి ముసలి కాపలాదారు దాన్ని మెయిన్ స్విచ్ ఆపకుండానే కలిపేశాడు. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి ఎదురెక్కి, పదకొండు వేల వోల్టులై లైన్లో పారుతోంది. విషయం తెలిశాక ముసలాయన రెండు చేతులతో తల పట్టుకుని కూలబడ్డాడు.

రహమతుల్లా వాహనం మెట్టు మీద కూర్చున్నాడు.

“ఆ బుట్టలో నేనుండింటే తీగ పట్టుకునేసింటినప్పా,” అన్నాడు. “నీకు ఈ బుద్ధి యాడ నుంచి వచ్చింది?”

త్రిమూర్తులు అప్పుడు భీమరాజు సంగతి చెప్పాడు. రహమతుల్లా అడ్డు రాకుండా విన్నాడు.

సాయంత్రం రహమతుల్లా తనే ముదీర్ దగ్గరికి వెళ్లి, మూర్తిని తొందరపెట్టింది తానేనని ఒప్పుకున్నాడు. నెల తిరక్కుండా కంపెనీలో కొత్త నియమం వచ్చింది. టెస్టర్ పెట్టి చూడకుండా, ఎర్త్ చెయ్యకుండా పని మొదలుపెట్టమని ఫోర్‌మన్ కూడా చెప్పకూడదు. లైను వెంట జనరేటర్లున్న తోటలకు ముందే వెళ్లి చెప్పి రావాలి.

మఫ్రఖ్‌లోని కంపెనీ యార్డులో మిగతా పనివాళ్లకు ఈ చెకింగ్ పాఠం చెప్పమంటే త్రిమూర్తులు వెనకాడాడు. “నా హిందీకి నవ్వుతారండి.”

“తెలుగులో చెప్పు. హిందీలో నేను చెప్తా,” అన్నాడు రహమతుల్లా.

మొదటి రోజు ఇరవై మంది వచ్చారు. ఒక నేపాలీ లేచి, “ఇంజినీరు కోప్పడితే ఏం చెయ్యాలి?” అని హిందీలో అడిగాడు. త్రిమూర్తులు నోరు విప్పేలోగా రహమతుల్లా, “నాకాడికి పంపు. తిట్లు తినేది నేను,” అన్నాడు అదే భాషలో. యార్డంతా నవ్వింది.

పోయిన చలికాలం త్రిమూర్తులు ముగ్గురు కొత్తవాళ్లకు పరీక్ష పెట్టాడు. ఇద్దరు నెగ్గారు. మూడోవాణ్ణి ఇంకా స్తంభం ఎక్కనివ్వలేదు. రోజూ డ్యూటీకి అరగంట ముందు కూర్చోబెట్టి నేర్పుతున్నాడు.