సైక్లోస్టైల్ గదిలో వాసన

ఎనభైల్లో నేను రేపల్లెలో ఒక హైస్కూల్లో టైపిస్టుని. ఇల్లు తెనాలిలో. పొద్దున్నే ప్యాసింజరు ఎక్కితే మళ్ళీ ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. పరీక్షల రోజుల్లో ఆ రైల్లో కూర్చోవడమే నాకు విశ్రాంతి.

ప్రశ్నపత్రాలు బడిలోనే సైక్లోస్టైల్ మిషన్ మీద అచ్చు తీసేవాళ్ళం. నేను స్టెన్సిల్ మీద టైపు కొట్టి, తప్పు పడినచోట ఎర్రటి ద్రవం పూసి, ఆరేదాకా నోటితో ఊదేదాన్ని. మా బడి ఆయా మిషన్ పిడి తిప్పేది. పనయ్యాక సిరా అంతా కిరసనాయిలు గుడ్డతో తుడిచేది. పేపరు ఎవరి కంటా పడకూడదని హెడ్మాస్టారు కిటికీ మూయించి, తలుపు గడియ పెట్టించేవారు.

మొదట్లో ఆ ద్రవం, సిరా, కిరసనాయిలు ఘాటు గొంతులో పట్టేసేది. మధ్యాహ్నానికి కణతలు పోట్లు పొడిచేవి. అన్నం సయించేది కాదు. కొన్నాళ్ళకి వాసన తెలియడం మానేసింది. అలవాటైపోయిందనుకున్నాను.

ఒక ఆదివారం చర్చికి తయారవుతూ పాలు పొయ్యిమీద పెట్టి, ఆ పక్కనే జడ వేసుకుంటున్నాను. వీధిలో ఉన్న అత్తయ్య పరుగెత్తుకొచ్చింది.

"ఏంటమ్మా ఇది! ఇల్లంతా మాడు కంపు కొడుతుంటే తెలియట్లేదా?"

గిన్నె ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ తెలియలేదు.

తెనాలిలో డాక్టరు చూసి, నా పని గురించి విని, "ఆ మందుల ఘాటు వల్లే కావచ్చు. ఖాయంగా చెప్పలేనమ్మా. ముందు ఆ గదిలోకి గాలి రానివ్వండి" అన్నారు.

హెడ్మాస్టారికి అదే చెప్పాను.

"కిటికీ తీస్తే పేపరు ఊరంతా తిరుగుద్దమ్మా. సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది నేను" అన్నారాయన. చెడ్డమనిషేం కాదు. వాదించే ఓపిక లేక వచ్చి కూర్చున్నాను.

ఆయాకి సంగతి చెబితే, తిప్పుతున్న పిడి ఆపేసింది. వాళ్ళది నిజాంపట్నం వైపు ఎండుచేపలు అమ్ముకునే ఇల్లు.

"నాకూ అంతేనమ్మగారూ. చేప చెడిందో లేదో ముక్కుకి తెలియట్లేదు. వయసైపోయిందంటాడు మా ఆయన. బయటికి చెబితే పనిలోంచి తీసేస్తారేమోనని ఊరుకున్నా."

మర్నాడు వెళ్ళగానే కిటికీ తీసి, అడ్డంగా పాత దుప్పటి కట్టాను. హెడ్మాస్టారు వచ్చి, "ఎవరు తీశారు?" అన్నారు.

"నేనేనండి. మూస్తే టైపు కొట్టలేనండి. తిప్పడం ఆయా వల్ల కూడా కాదండి. భయమైతే బయట ఎవరినైనా కాపలా పెట్టండి."

ఆయన దుప్పటి వంకా, ఆయా వంకా చూసి వెళ్ళిపోయారు. కాసేపటికి కిటికీ బయట కుర్చీ వేసిన చప్పుడైంది. ఆయనే కూర్చుని జవాబుపత్రాలు దిద్దుకుంటున్నారు. ఆ తర్వాత ప్రతి పరీక్షకీ అలాగే కూర్చున్నారు.

నా తలనొప్పి తగ్గింది. కొన్నేళ్ళకి ఘాటైన వాసనలు మాత్రం లీలగా తెలియసాగాయి. ఆయాకి అదీ లేదు. ఇంట్లో చేపలు చూసే పని కోడలికి అప్పజెప్పేసింది.

తొంభైల్లో నాకు బాపట్లకి బదిలీ అయింది. అక్కడి బడికి కొత్తగా జిరాక్సు మిషన్ వచ్చింది. దాన్ని కిటికీ లేని సామాన్ల గదిలో పెట్టి, నా కుర్చీ కూడా అక్కడే వేశారు. మిషన్ తిరగడం మొదలయ్యాక కాసేపటికే కళ్ళు మండి, గొంతు గరగరలాడింది.

"ఇక్కడ కూర్చోలేనండి" అన్నాను.

"ఎందుకండీ? మిషన్ కొత్తదేగా?" అన్నారు కొత్త హెడ్మాస్టారు.

అంతా మళ్ళీ మొదటినుంచీ చెప్పుకొచ్చాను. ఆయన నమ్మారో, విసిగిపోయారో తెలియదు. వానలు తగ్గాక మిషన్‌ని వరండా చివరికి మార్పించారు.