కనకవ్వ అనని మాట

దయ్యాల కథలు వింటూ పెరిగినదాన్నే గానీ ఒక్కటీ నమ్మలేదు. మా నాన్న చంద్రపూర్‌లో బొగ్గు గని కార్మికుడు. గనిలో పోయినవాళ్లు తమ షిఫ్టుకు మళ్లీ హాజరవుతారని మా కాలనీలో పెద్దవాళ్లు చెప్పుకునేవారు. బతికున్నవాళ్లే నాగాలు పెడుతుంటే చచ్చినవాళ్లు డ్యూటీకి వస్తారా అని నేను నవ్వేదాన్ని. ఇప్పటికీ నవ్వుతాను.

నేను చెప్పబోయేదాంట్లో దయ్యం లేదు. ఒక ముసలావిడ ఉంది, ఆమె బతికే ఉంది. ఆమె ఇల్లు మా వెనక సందులోనే. ఆ ఇంటి ముందునుంచి వెళ్లాల్సి వస్తే నేను చుట్టు తిరిగి వెళుతున్నాను.

ముందు నా పని గురించి చెప్పాలి. పని అంటే జీతం వచ్చేది కాదు. నేను ఇక్కడే పుట్టి మరాఠీ బడిలో చదివాను. తెలంగాణ నుంచి గనుల కోసం వచ్చిన మా పెద్దవాళ్లకు మరాఠీ బజారు వరకే వస్తుంది. వంకాయల బేరం చేయగలరు గానీ డాక్టరు ఎదుట కూర్చోగానే నోరు పెగలదు. అందుకని ఒంట్లో బాగాలేనివాళ్లు నన్ను వెంటబెట్టుకుని వెళతారు. ఒక్కోసారి రాజురా నుంచి కూడా బస్సెక్కి వస్తారు.

డాక్టర్ల దగ్గర నేను "ఈమె ఇలా అంటోంది" అని చెప్పను. అంత తీరిక వాళ్లకుండదు. "నాకు నడుము పట్టేసింది", "నాకు మూత్రంలో మంట" అని రోగి మాటనే నా మాటగా మరాఠీలో అనేస్తాను. ఆ లెక్కన నాకు రాని జబ్బు లేదు. నాకు నెలలు నిండాయి, మూలశంక వచ్చింది, బీడీలు మానమంటే మానలేకపోయాను. ఒక కొత్త డాక్టరు నిజంగానే నా చేతికి బీపీ పట్టీ చుట్టేశాడు.

ఇంకో అలవాటు కూడా ఉంది. చెవి రోగి వైపు ఉంటుంది, కళ్లు డాక్టరు వైపు. వినడం, చెప్పడం ఒకేసారి జరిగిపోతాయి. మధ్యలో ఆలోచన ఉండదు. అదే నా గొప్ప అనుకునేదాన్ని.

ఒక్కటి మాత్రం అప్పుడప్పుడు మనసును తొలిచేది. మోకాలు సలుపుతోందని ఎవరైనా అంటే మరాఠీలో "ఠణకా" అంటాను. కానీ ఆ సలుపు ఎలా ఉందో నాకేం తెలుసు? నా పన్ను సలిపిన సంగతి గుర్తు చేసుకుని, అదీ ఇలాగే ఉంటుందనుకుని చెప్పేస్తాను. మాట సరిగ్గా దాటించానా లేదా అని ఎవరినైనా అడగవచ్చు. ఆ మాట వెనక ఉన్న నొప్పి దాటిందో లేదో అడగడానికి మనిషి లేడు. అది పడేవాళ్లకే తెలుసు, వాళ్ల దగ్గరా మాటలే ఉన్నాయి. మందులు పనిచేస్తున్నాయి కదా అని ఆ ఆలోచన అక్కడితో వదిలేసేదాన్ని.

కనకవ్వ మా నాన్నతో కలిసి పనిచేసిన ఒకాయన భార్య. ఆయన పోయి చాలా కాలమైంది. మనిషి మహా గడుసు, నోరు పెద్దది. మోకాళ్ల నొప్పులకు ఆమెను నేనే తీసుకెళ్లేదాన్ని. కొడుకు సమ్మయ్య ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు, పెళ్లి చేసుకోలేదు. కూతురి అత్తగారిల్లు మంచిర్యాల అవతల.

పోయిన ఏడాది వానలకు ముందు కనకవ్వకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. సమ్మయ్య బతిమాలుకుని మధ్యాహ్నం షిఫ్టుకు మారాడు. పొద్దున్నే తల్లికి ఒళ్లు కడిగి, బట్ట మార్చి, జావ తాగించి, పక్కింటావిడకు అప్పజెప్పి డ్యూటీకి వెళ్లేవాడు. కాలనీలో తల్లులంతా అతన్ని చూపించి తమ కొడుకులను దెప్పిపొడిచేవాళ్లు. ముసలమ్మకు ఏమీ తెలియడం లేదు, అదొక్కటే నయం అని కూడా అనుకునేవాళ్లం.

కొంతకాలానికి, ఆసుపత్రిలో కనకవ్వను చూసే డాక్టరమ్మ ఆమెకు మాటలు అర్థమవుతున్నాయో లేదో పరీక్షించాలంది. కొడుకు అడిగితే కుదరదు, ఇంటివాళ్లు తమకు తెలియకుండానే కళ్లతో సైగ చేస్తారట. తెలుగు వచ్చిన బయటి మనిషి కావాలంది. నేను వెళ్లాను. పట్టపగలు. బయట టోకెన్ల దగ్గర జనం గోల పెడుతున్నారు.

కనకవ్వ చక్రాల కుర్చీలో ఉంది, పక్కన సమ్మయ్య. నేను బల్లకు ఇవతల డాక్టరమ్మకు ఎదురుగా కూర్చున్నాను. కళ్లు మూసుకొమ్మని అడిగాను, చేయి ఎత్తమని అడిగాను, కిటికీ ఎటుందో చూపించమన్నాను. కనకవ్వ దేనికీ కదల్లేదు. డాక్టరమ్మ ఏదో రాసుకుని, చివరగా నొప్పి ఏమైనా ఉందేమో అడగమంది. "కనకవ్వా, ఏడన్న నొస్తున్నదా?" అన్నాను. అని అలవాటు ప్రకారం డాక్టరమ్మ వైపు తిరిగాను.

కనకవ్వ జవాబిచ్చింది. గుసగుస కాదు, కలలో లాగా కాదు. నాకు ఎప్పటినుంచో తెలిసిన గొంతే, నస్యం పీల్చే మనిషి గనుక కాస్త ముక్కుతో పలికే గొంతు.

"నొప్పేం లేదు బిడ్డా. గా పొద్దుగాల పోరడు బట్ట మార్చేటప్పుడే పానం పోతది. వాడు గోడ దిక్కు మొకం పెట్టుకొని కడుగుతడు. నేను నిద్రవోయినట్టు కండ్లు మూసుకుంట. నాకేం తెలుస్తలేదనుకుంటడు. గట్లనే అనుకోనీ."

నేను మరాఠీలో చెప్పేశాను. మొత్తం, "నాకు", "నా కొడుకు" అంటూ. చివరి మాట నోట్లోంచి వచ్చాక గాని తెలియలేదు, అది ఎవరి చెవిన పడకూడదో వాళ్ల ముందే అన్నానని. సమ్మయ్య ఇక్కడే పుట్టినవాడు, మరాఠీ నాకంటే బాగా వచ్చు. తల్లి తెలుగులో అన్నది అతనూ విని ఉండాలి కదా అన్నది ఆ క్షణాన నాకు తట్టనేలేదు.

డాక్టరమ్మ కలం ఆపేసింది. ఎవరి మాట చెబుతున్నారు అని అడిగింది. ఈవిడ మాటే అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. పరీక్ష గనుక తాను కనకవ్వ ముఖం మీదినుంచి చూపు తిప్పలేదట, పెదవులు కదలలేదట. నేను సమ్మయ్య వైపు చూశాను.

"అక్కా, అమ్మ నోరు తెర్వలే," అన్నాడు.

అప్పుడు కనకవ్వను చూశాను. ఆమె ముఖంలో ఏమీ లేదు. చూపు దించుకున్నాను. భయంతో కాదు, సిగ్గుతో. పదిమందిలో ఇంకొకరి కొంగు లాగేసినట్టు అనిపించింది.

బయట వరండాలో సమ్మయ్య నన్ను ఆపాడు. అతను గోడ వైపు తిరిగే తల్లిని కడుగుతాడట. ఆ సమయంలో తలుపు గడియ పెట్టి ఉంటుందట. "గా ముచ్చట నీకెట్ల ఎరుకైంది అక్కా?" అన్నాడు. కోపం కూడా లేదు. తలొంచుకుని, చేసిన తప్పు బయటపడ్డవాడిలా అడిగాడు.

తర్వాత తీసిన స్కాన్‌లో, మాటలు అర్థం చేసుకునే భాగమే దెబ్బతిన్నదని తేలింది. ఆమెకు లోపల మాటలే మిగిలి ఉండవని డాక్టరమ్మ చెప్పింది. మా ఆయన మొదట నవ్వాడు, తర్వాత నచ్చజెప్పాడు. నీకు ఆమె గొంతు తెలుసు, యాస తెలుసు, ఏ కొడుకైనా గోడ వైపే తిరుగుతాడు, నీ మనసే అల్లుకుంది అన్నాడు. కావచ్చు. కానీ నాకు వినపడింది. అది నా లోపల పుట్టిన మాటయితే నాకు నా గొంతులో వినపడాలి కదా.

దీన్ని ఎటు తిప్పినా నాకు తప్పించుకునే దారి కనపడలేదు. అది కనకవ్వ మాటే అయితే, ఆమె దాచుకున్న ఒకే ఒక్కదాన్ని తీసి కొడుకు ముందు పడేశాను. కాకపోతే, నోరు లేని మనిషి నోట్లో నా ఊహను కుక్కాను. ఏది నిజమో ఆమెనే అడగాలి, ఆమేమో చెప్పే స్థితిలో లేదు.

దాని ఫలితం మాత్రం కళ్లముందే ఉంది. సమ్మయ్య తల్లిని ముట్టుకోలేకపోయాడు. పొద్దున్నే నీళ్లు కాచుకుని గది గుమ్మం దాకా వెళ్లి, అవి చల్లారిపోయేదాకా అక్కడే నిలబడేవాడట. ఒక మనిషిని కుదిరిస్తే ఆమె వారం తిరక్కుండా మానేసింది. కనకవ్వ తడి బట్టలోనే పడి ఉంటోందని, నడుము కింద పుండు పడిందని పక్కింటావిడ వచ్చి చెప్పింది.

ఆ మర్నాడే సమ్మయ్య వచ్చాడు. "ఒక్కపారి వచ్చి అడుగు అక్కా. నేను చెయ్యాల్నా వద్దా, అమ్మ ఏమంటే గదే," అన్నాడు. నాకు ఏమీ వినపడదని, ఆ రోజుది ఏంటో నాకే తెలియదని చెప్పాను. వినలేదు.

వెళ్లాను. గదిలో వాసన వస్తోంది. కనకవ్వ కళ్లు తెరిచే ఉంది. ఈసారి ఆమె ముఖాన్నే చూస్తూ అడిగాను. "కనకవ్వా, సమ్మయ్య చేస్తే నీకు నిమ్మలమేనా?"

ఏమీ వినపడలేదు. ఫ్యాను తిరుగుతోంది, రోడ్డు మీద బొగ్గు లారీ హారన్ మోగింది. మళ్లీ అడిగాను. లోపల ఒక్క మాట పుట్టలేదు, నా ఊహలో కూడా. పక్కన సమ్మయ్య నా నోటి వైపు చూస్తున్నాడు. డాక్టరు ముందు మా పెద్దవాళ్లు నా నోటి వైపు అలాగే చూస్తారు.

"నువ్వే చెయ్యాల్నంటున్నది," అన్నాను. "కన్నకొడుకు కాడ సిగ్గేందంటున్నది."

సమ్మయ్య పసివాడిలా ఏడ్చేశాడు. కళ్లు తుడుచుకుని నీళ్లు తేవడానికి వెళ్లాడు. ఆ రోజునుంచి ఇవాళ్టి దాకా మళ్లీ అతనే చూసుకుంటున్నాడు. పుండు మానిందని విన్నాను. మంచే జరిగింది కదా అంటాడు మా ఆయన.

కానీ సమ్మయ్య గది దాటగానే కనకవ్వ నన్నే చూస్తూ, మెల్లగా కళ్లు మూసుకుంది. పిలిచాను, తెరవలేదు. నిద్రపోయేవాళ్ల రెప్పలు అలా అదరవు.

ఆసుపత్రిలో నేను విన్నది ఆమె మాటో కాదో ఈ రోజుకీ చెప్పలేను. ఆ గదిలో నేను చెప్పింది ఆమె మాట కాదని మాత్రం నాకు తెలుసు. ఆమెకు కూడా తెలుసేమో అన్నదే నన్ను తలెత్తుకోనివ్వడం లేదు.