గరగ కింద పాపాయి

మా అక్క లోవమ్మకి పాపాయి పుట్టినప్పుడే పిల్ల పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. గోళ్ళూ అంతే. కోరంగికి దిగువన, ఏరు సముద్రంలో కలిసేచోట మా జాలరిపేట. పైన ఆనకట్ట కట్టారు, కాలవలు తవ్వారు, పొగ ఓడలొచ్చాయి. మా పేటకి మాత్రం బుద్ధి రాలేదు.

కడుపుతో ఉండగా లోవమ్మ పాముని తొక్కి ఉంటుంది, ఆ విషమే పిల్లకెక్కింది అన్నారు. కులపెద్ద సత్తియ్య పసుపుకొమ్ము కాల్చి పసిదాని రొమ్ము మీద వాతలు పెట్టాడు. అవి చీము పట్టి, ఈగలు ముసిరి, ఇల్లంతా వాసన కొట్టింది. మళ్ళీ వచ్చి చూసి, "ఇసం బయటికొస్తంది, మంచిదే" అన్నాడు. అక్క వండిన చేపల పులుసు తిని, వేళ్ళు నాక్కుంటూ వెళ్ళాడు. ఆ వేళ్ళు గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

పాపాయి చావలేదు. నడక వచ్చాక నాలుగడుగులు వేసి గొంతుక్కూర్చునేది. మోకాళ్ళు రొమ్ముకి ఆనించుకుని, తల వంచుకుని కాసేపు అలా ఉంటే ఊపిరి కుదుటపడి మళ్ళీ లేచేది. అది దానికి ఎవరూ నేర్పలేదు. నీళ్ళకి వెళ్తే పిల్ల కూర్చున్నచోటల్లా మా అక్క కూడా బిందె దించుకుని ఆగేది. లెమ్మని ఒక్కనాడూ అనలేదు. పొరుగింటి సూరమ్మ మాత్రం, "ఆడపిల్ల అలా కూకుంటే కొంపకి అరిష్టం" అని జబ్బ పట్టుకుని లేపేది. తన చేపల తట్ట మీద పిల్ల నీడ పడినా తిట్లే.

అక్కా నేనూ పిల్లని పడవలో కాకినాడ తీసుకెళ్ళి ధర్మాసుపత్రిలో చూపించాం. వైద్యుడు దొర. గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఆయన చెప్పింది పక్కనున్న కాంపౌండరు మాకు తెలుగులో చెప్పాడు.

"కడుపులో ఉండగానే గుండె సరిగ్గా తయారవలేదమ్మా. దీనికి మందు లేదు. కూర్చుంటానంటే కూర్చోనివ్వండి. బలవంతాన నిలబెడితే ప్రాణం పోతుంది."

ఈ మాట అక్క తన మొగుడు గంగయ్యకి చెప్పింది. సత్తియ్యకి చెప్పింది. పేటలో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది. తెలీదనడానికి ఒక్కరికీ వీల్లేదు.

పాపాయికి పదేళ్ళు నిండే ఏడు, సముద్రంలో చేప దొరక్క పేటంతా పస్తులుంది. ఒకనాడు పొద్దున్నే పిల్ల పడవల పక్కన ఇసకలో కూర్చుంటే, ఆ రోజే వలలు చిరిగేలా చేపలు పడ్డాయి. వెంటనే సత్తియ్యకి జ్ఞానోదయమైంది.

"అది ఇసం కాదెహె, గంగమ్మోరి రంగు. ఈసారి జాతరకి గరగ ఈ పిల్లే ఎత్తాలి" అన్నాడు.

విషమన్న నోటితోనే అన్నాడు. మర్నాడు సూరమ్మ వచ్చి పాపాయి కాళ్ళు పసుపునీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు తన తట్ట మీద చల్లుకుంది.

గరగంటే అమ్మవారి కుండ. వేపమండలు, పూలు కట్టి నెత్తిన పెడితే గుడి నుంచి ఏటిమొగ దాకా నడవాలి. దారిలో కూర్చోకూడదు, గరగ నేల తాకకూడదు. ఎవరి ఇంటివాళ్ళు గరగ ఎత్తితే వాళ్ళ పడవే ముందు సముద్రంలోకి దిగుతుంది. గంగయ్యకి కావలసింది అదే.

"దారి పొడుగునా నిలబడలేదయ్యా అది. సచ్చిపోద్ది" అంది అక్క.

"అమ్మోరు ఒంట్లో ఉండగా ఎలా సత్తాదే? నోరుముయ్యి" అన్నాడు ఆ తండ్రి.

జాతరనాడు ఎర్రచీర చుట్టి పిల్ల నెత్తిన గరగ పెట్టారు. సగం దారి కూడా రాకుండానే పాపాయి మోకాళ్ళు వంగాయి. కూర్చోబోతోంది. సత్తియ్య ఒక జబ్బ, గంగయ్య ఒక జబ్బ పట్టుకుని పైకి లాగారు. పిల్ల మొహం మసి రంగుకి తిరిగింది. నోరు తెరిచి ఊపిరి కోసం కొట్టుకుంటోంది, కళ్ళు తేలేస్తోంది. "పూనకమొచ్చింది, అమ్మోరు పలుకుతాది" అని సూరమ్మ కేకేసింది. డప్పులు ఇంకా జోరందుకున్నాయి. జనం ఎగబడి ఆ పిల్ల కాళ్ళ మీద పడుతున్నారు. ఊపిరాడక చస్తున్న పిల్లని వరాలడుగుతున్నారు.

అక్కని నలుగురు ఆడవాళ్ళు పట్టుకున్నారు. ఒకదాని చెయ్యి కొరికి విడిపించుకుని, గరగని విసిరికొట్టింది. కుండ ముక్కలైంది. పిల్లని గుంజుకుని, నేల మీద కూర్చోబెట్టి, మోకాళ్ళు రొమ్ముకి మడిచి, వెనకనించి గట్టిగా పట్టుకుంది. "కూకో తల్లీ, కూకో" అంటూనే ఉంది. ఈసారి ఊపిరి కుదుటపడలేదు.

గరగ పగిలింది కాబట్టే అమ్మవారు అలిగి పిల్లని తీసుకుపోయిందని తేల్చారు. తప్పు తల్లిది. ఆ సాయంత్రం గంగయ్య పడవే ముందు దిగింది. అక్క మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు, నా దగ్గరే ఉండిపోయింది.

ఆ ఏడు చేపలు బాగా పడ్డాయి. దాంతో పిల్ల పోయినచోట నిలువెత్తు రాయి పాతి, పసుపు రాసి, నీలాలమ్మ అని పేరు పెట్టారు. మర్నాడు అక్క గునపం తీసుకెళ్ళి మొదలు తవ్వి, రాయి సగానికి పైగా ఇసకలోకి దిగేలా చేసి వచ్చింది. సత్తియ్య మనుషుల్ని పెట్టి పైకి ఎత్తించాడు. అక్క మళ్ళీ దించింది. ఇలా చాలాసార్లు అయ్యాక, ఒకరోజు అతనే కాపుకాసి పట్టుకున్నాడు.

"అమ్మోరితో ఆటలేంటే లోవమ్మా?"

అక్క తవ్వడం ఆపలేదు. "మీరు నిలబెట్టింది చాలు మావా. ఇకనైనా దాన్ని కూకోనియ్యండి" అంది.

ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడా రాయి మోకాలెత్తే ఉంది. దానికి కొబ్బరికాయ కొట్టాలంటే సత్తియ్య అయినా సరే గొంతుక్కూర్చోవాల్సిందే.