ఐ. సాల్మీ విల్లు

ఇర్మా కంగస్ ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు పైక్ క్రీక్‌లో ఎవరూ లేరు. బడి వంటగదిలో అన్నేళ్లు పనిచేస్తే ఆమెకిచ్చిన కుర్చీ కొత్తదిలాగే మిగిలిపోయింది, చెప్పులు మాత్రం ఏడాదికో జత అరిగాయి. చర్చిలో చివరి వరసలో చివర కూర్చునేది, ప్రార్థన ముగియగానే అందరికంటే ముందు బయటపడొచ్చని. ఎవరింట్లోనైనా పాత సామాను అమ్ముతున్నారని చెవిన పడితే చాలు, పొయ్యి మీద పులుసు ఉన్నా సరే ట్రక్కు తీసేది.

వెళ్లాక గిన్నెలూ దుప్పట్లూ చూసేది కాదు. నేరుగా గరాజు మూలకి నడిచేది, గాలపు కర్రలూ మంచు పారలూ నిలబెట్టే మూలకి. అక్కడ విల్లు కనిపిస్తే ముందు పిడి ఏ చేతివాటానికి చెక్కారో చూసేది. కుడిచేతివాళ్లదైతే ఉన్నచోటే పెట్టేసేది. ఎడమచేతివాళ్లదైతే వెలుతురులోకి తీసుకెళ్లి, పిడికి కింద వంగే రెక్క తిప్పి, దానిమీద సిరాతో రాసిన పేరు చదివేది. చదివిన ప్రతిసారీ మొహం వాడిపోయేది. అయినా కొనకుండా వదిలేది కాదు.

అలా కొన్న విళ్లు గరాజు గోడల నిండా చేరాయి. కారు మాత్రం మంచులో బయట పడి ఉండేది. భర్త వెస్లీ నెమ్మదైన మనిషి, కానీ నోరు ఊరుకోదు. "నా వీపు మీద కూడా ఎవరి పేరో రాయించుకుని రానా? అప్పుడు నన్ను కూడా ఓసారి వెలుతురులోకి తీసుకెళ్లి చూస్తావేమో" అనేవాడు. ఆమె నవ్వేది కాదు. వినేలోపే ఇంకో గదిలోకి వెళ్లిపోయేది.

ఆమె కొన్నవన్నీ ఓరెన్ బ్రూసో చేసిన విళ్లు. ఆ చుట్టుపక్కల ఆయన విల్లంటే మామూలు సంగతి కాదు. మనిషిని నిలబెట్టి, చేయి చాపించి, అరచెయ్యి కొలిచి, ఆ ఒక్క మనిషికే చేసేవాడు. అయ్యాక కింది రెక్క మీద ఆ మనిషి పేరు రాసి, ఆ పేరు చెరగకుండా పైన మెరుగు పూసేవాడు. పేరున్న విల్లుని అక్కడ ఎవరూ అమ్ముకోరు. ఇల్లు అమ్ముకున్న మహానుభావులు ఉన్నారు గానీ విల్లు అమ్ముకున్నవాడు లేడు. అందుకని పేరున్న విల్లు ఎక్కడైనా అమ్మకానికి వచ్చిందంటే ఆ మనిషి పోయాడనే లెక్క. చూసినవాళ్లు టోపీ తీసి పేరు చదివి, ఆ తర్వాతే బేరం మొదలుపెడతారు. అసలు మనిషి బతికే ఉండి, వచ్చి పేరు చెబితే, కొన్నవాడు మారుమాట లేకుండా ఇచ్చెయ్యాలి. ఇది ఎవరు పెట్టిన కట్టుబాటో ఎవరికీ తెలీదు. అలా వచ్చి అడిగినవాళ్లని చూసినవాళ్లూ లేరు.

ఇర్మాకి పదిహేడేళ్లప్పుడు బ్రూసో ఆమెకీ ఒక ఎడమచేతి విల్లు చేశాడు. రెండు వేసవులు పొలాల్లో బంగాళదుంపలు ఏరి ఆమె దానికి డబ్బు కూడబెట్టింది. ఆ చలికాలం వాళ్లమ్మ గుమ్మం ముందున్న లైలాక్ పూలపొద మంచు బరువుకి విరిగితే, ఆ కొమ్మలోంచి సన్నటి ఊదారంగు పేడు తీసి పిడి మధ్యలో పొదిగాడు. కింద "ఐ. సాల్మీ" అని రాశాడు. సాల్మీ ఆమె పుట్టింటిపేరు. ఆ ఆకురాలు కాలంలో ఆ విల్లుతో ఒక ఆడజింకని కొట్టింది. మర్నాడు బజారులో తల ఎంత ఎత్తుకుని నడిచిందంటే, ఎదురొచ్చిన మేనత్త మెడ పట్టేసిందా అని అడిగింది.

మరుసటేడు పని కోసం గ్రీన్ బే కాగితం మిల్లుకి వెళ్లింది. క్రిస్మస్‌కి ఇంటికొస్తే విల్లు తగిలించే మేకు ఖాళీగా ఉంది. వాళ్ల నాన్న ఈనో ఆ విల్లు ఊరూ పేరూ తెలియని ఎవరికో ఇచ్చి, బదులుగా పడవకి మోటారు తెచ్చుకున్నాడు. తీసుకున్నవాడు పేరు చదివి టోపీ కూడా తీశాడట. కూతురు బతికే ఉందని నాన్న అనలేదు. ఎందుకిచ్చావని అడిగితే, "నువ్విక రావనుకున్నానే" అన్నాడు. ఆ మోటారు రెండు వేసవులు కూడా నడవలేదు. ఆ మాట మాత్రం ఇర్మా లోపల ఇప్పటికీ నడుస్తూనే ఉంది. బతికుండగానే తనని పూడ్చిపెట్టారు, అదీ కన్నతండ్రి. ఎలా మర్చిపోతుంది? నేనైతే మర్చిపోను.

అరవై దాటిన ఏడాది, అక్టోబరులో, దాణా కొట్టువాడు మాటల్లో మాటగా ఒక సంగతి చెప్పాడు. ఆటర్ నది అవతల క్లేటన్ పెల్టియర్ అనే ఒంటికన్ను ముసలాయన ఉన్నాడని, ఆయన దగ్గర ఎడమచేతి బ్రూసో విల్లు ఉందని, దాని పిడిలో ఏదో ఊదారంగు గీత కూడా ఉందని. ఇర్మా కోడిదాణా బస్తా అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. ఆ రోజంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. తెల్లారగానే తాళాలు తీసుకుంటుంటే, దొరికితే ఇకనైనా ఇంటిపట్టున ఉంటావా అని వెస్లీ అడిగాడు. ఈసారి ఎగతాళిగా అడగలేదు. ఆమె అప్పటికే గుమ్మం దాటింది.

పెల్టియర్ తన చెక్క ఇంటి ముందు, బాట పక్కన, చల్లారిపోయిన కాఫీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పొట్టి మనిషి, కుడికన్ను మూసుకుపోయింది. నారి ఎక్కించిన విల్లు ఇంకా చేతిలోనే ఉంది. ట్రక్కు ఆగగానే పేరడగలేదు, ఊరడగలేదు.

"మీకు రెండు కళ్లూ పనిచేస్తాయా అమ్మా?"

పనిచేస్తాయంది.

"అయితే దిగండి."

పొద్దున్నే మగజింకకి బాణం తగిలిందట. అది అడవిలోకి పోయింది. వెంటనే వెంటపడితే ఇంకా దూరం పరిగెడుతుందని ఆగాడు. ఇప్పుడు జాడ పట్టాలి. మేపుల్ ఆకులన్నీ ఎర్రగా రాలి ఉన్నాయి, వాటి మీద రక్తపు చుక్క ఒంటికంటికి కనబడి చావడం లేదు. ఆ ప్రాంతంలో జాడ వెతకడానికి సాయం అడిగితే పగవాడైనా కాదనడు. ఇర్మా వంగి నడిచింది. చుక్క కనిపించినచోటల్లా కాగితం ముక్క పెట్టింది. పెడుతూనే పక్కకి చూసింది. పిడి మధ్యలో, ఆయన బొటనవేలి కింద, ఊదారంగు గీత కనిపించింది. లాక్కుని పరిగెత్తాలనిపించింది ఆమెకి. అంత వయసొచ్చి అలా అనిపించినందుకు సిగ్గేసింది, అయినా చేతులు ఊరుకోలేదు. జేబుల్లో దోపుకుంది.

దారంతా పెల్టియర్ మాట్లాడుతూనే ఉన్నాడు. కలప మిల్లులో పేడు ఎగిరి కంట్లో దిగిందట. కుడికన్ను లేకపోయేసరికి గురి కుదరక అలవాటైన కుడిచేతివాటం పనికిరాలేదు. వేట ఇక లేదనుకుని, అక్టోబరు వస్తే ఇంట్లో కిటికీ తెరలు దించుకుని పడుకునేవాడట. ఆ రోజుల్లోనే చేపల ఎరలమ్మే కొట్లో ఈ ఎడమచేతి విల్లు కనబడింది. కింద "ఐ. సాల్మీ" అని పేరు. ఐ అంటే ఐవర్ అయి ఉంటాడనుకున్నాడు. పేరున్న విల్లు అమ్మకానికొచ్చిందంటే పోయాడన్నమాటే. సాల్మీలు సరస్సు ఒడ్డువాళ్లు కాబట్టి మునిగిపోయుంటాడు. లాగడానికి తేలికగా ఉంది కాబట్టి కుర్రాడై ఉంటాడు.

"పాపం, పెళ్లి కూడా అయ్యుండదు" అన్నాడు పెల్టియర్, నిజంగానే బాధపడుతూ.

ఇర్మాకి నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. తండ్రి చంపాడు, ఈయన ముంచాడు. రెండు ముక్కలు నోరు తెరిచి చెబితే విల్లు తన చేతికొస్తుంది. చెప్పబోయింది కూడా. కానీ ఆయన ఐవర్ పేరెత్తిన ప్రతిసారీ పక్కింటి కుర్రాడి గురించి చెప్పినట్టు చెబుతున్నాడు. అక్టోబరులోనే మంచు పడితే ఐవర్‌కి నచ్చేదంటాడు. గురి తప్పితే ఐవర్ వెక్కిరిస్తాడంటాడు. భార్య పోయిందట, ఆ తర్వాత ఆ ఇంట్లో ఆయనతో మాట్లాడే దిక్కు ఇంకెవరూ ఉన్నట్టు లేదు. ఇర్మా మాట గొంతులోనే ఆగింది. ఆగినందుకు తన మీద తనకే కోపమొచ్చి ఇంకా గబగబా నడిచింది. ఆయన వెనక నుంచి, జాడ మీద కాళ్లు వెయ్యకండమ్మా అని అరిచాడు.

జింక వాగు పక్క పొదల్లో పడి ఉంది. మంచి దెబ్బే, ఎక్కువ బాధపడలేదు. ఇద్దరూ కలిసి కోసి శుభ్రం చేశారు. పెల్టియర్ నరికిన చెట్టు మొదలు పక్కన చిన్న మంట వేసి, సంచిలోంచి మూకుడు తీసి, కాలేజం ఉల్లిపాయతో వేయించాడు. మొదటి ముక్క తీసి మొదలు మీద పెట్టాడు. టోపీ తీశాడు.

"థాంక్స్ ఐవర్. నీ విల్లు నా దగ్గరుంటే నీకేం బాధ లేదుగా?"

కాసేపు ఆగాడు. గాలికి ఆకులు కదిలాయి. ఐవర్ లేదన్నాడని తలూపి, టోపీ పెట్టుకోబోయాడు.

ఇర్మా వంగి ఆ ముక్క తీసి నోట్లో వేసుకుంది.

వేడికి నాలుక కాలింది. అయినా నమిలింది. పెల్టియర్ టోపీ సగంలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"అది సాల్మీదమ్మా" అన్నాడు చివరికి.

"తెలుసు" అంది ఇర్మా. "ఐ అంటే ఐవర్ కాదు, ఇర్మా. మునిగిపోలేదు. పెళ్లి కూడా అయింది."

ఆయన ఉన్న ఒక్క కంటితో ఆమెని పైనుంచి కిందకి చూశాడు. ఆమె లైలాక్ పేడు సంగతి చెప్పింది. మోటారు సంగతి చెప్పింది. నాన్న అన్న మాట కూడా చెప్పింది. పెల్టియర్ మూకుడు దించడం మర్చిపోయాడు. మూకుట్లో ఉల్లిపాయలు మాడాయి.

"మరి ఇన్నేళ్లూ నేనెవరితో మాట్లాడినట్టు?"

"నాతోనే అనుకోండి. నాకు వినపడలేదంతే. అడిగారుగా ఇందాక, ఆ మాట ఇప్పుడు నన్నడగండి."

ఆయన ఎప్పుడూ అడిగే మాటే కాబట్టి ఎప్పుడూ అడిగినట్టే అడిగాడు.

"నీ విల్లు నా దగ్గరుంటే నీకేం బాధ లేదుగా?"

"ఉంది" అంది ఇర్మా. "చాలా ఉంది. ప్రతి రోజూ ఉంది. ఇలా ఇవ్వండి."

పెల్టియర్ నారి దించి, విల్లుని చొక్కా అంచుతో తుడిచి, రెండు చేతులతో ఇచ్చాడు. మారుమాట అనలేదు. ఇర్మా పిడి పట్టుకుంది. అది ఆయన అరచేతికి అరిగిపోయి ఉంది. అయినా తనదే. కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. ఇంటికెళ్లి గోడకి ఆనించి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చోవాలనిపించింది. జన్మలో మొదటిసారి కూర్చోవాలనిపించింది ఆమెకి.

కానీ ఆయన ఖాళీ చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్న తీరు చూడలేకపోయింది. తన గరాజు నిండా ఎడమచేతి బ్రూసోలే ఉన్నాయని, ఇది వెతుకుతూ కొన్నవని చెప్పింది. శనివారం వచ్చి నచ్చింది పట్టుకెళ్లమంది. వేట కాలం ఇంకా చాలా ఉందిగా అంది.

పెల్టియర్ తలెత్తాడు.

"వాటి మీద పేర్లున్నాయా?"

"ఉన్నాయి. అన్నిటి మీదా ఉన్నాయి."

"అందరూ పోయారా?"

పోయారనే అనబోయింది. అమ్మకానికి వచ్చాయి కాబట్టి పోయుంటారు, ఇంకేముంటుంది? ఒక్కొక్క పేరూ వెలుతురులో చదివింది, తనది కాదని తేలగానే మొహం వేలాడేసుకుని డబ్బిచ్చేసింది. ఎవరని అడగలేదు. ఎక్కడుంటారని అడగలేదు. ఏ ఒక్కరి గురించీ, ఒక్కసారి కూడా.