బాక్సులు పాడైనాయనుకున్నా

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులో పోతాంటిని. జాతర మైదానంలో ఆర్కెస్ట్రాకు సౌండు బాక్సులు కట్టేది నా పని. "బాక్సులన్నీ ఊరి తట్టు తిప్పండప్పా, గుండెలదరాల!" అని ఫోన్లో మావాళ్లకు అరుస్తాంటే, పక్క సీటాయన నా పెదాలనే చూస్తా కూచున్నాడు.

ఫోన్ పెట్టేసినాక సెప్పినాడు. "నేనూ శానా ఏండ్లు బాక్సులు కట్టినా. ఇప్పుడు రెండు చెవులూ వినపడవు. నీ పెదాలు చూసే తెలుసుకుంటాండా."

"ఎప్పుడు పోయినాయన్నా?" అని అడిగినా.

"అదే తెలీలేదప్పా. సౌండు చాల్లేదని పెంచుకుంటా పోయినా. బాక్సులు పాడైనాయనుకున్నా."

ముందురోజే టెస్టింగులో మావాళ్లంతా చెవులు మూసుకుంటాంటే, సౌండు చాల్లేదని రెండు బాక్సులు మార్పించినా నేను.