కాలువ మీద తెగిపోయే సిగ్నల్

ఆ నెలంతా అర్బాయిన్ నిలకడగా కూర్చుని అన్నం తినడం మా బంజర్మాసిన్ ఊరి కాలువ గట్టున ఎవరూ చూడలేదు. సగం తిన్న పళ్లెం వదిలేసి మేడ మీదికి పరిగెత్తేవాడు.

కాలువకు ఇవతల ప్రసూతి కేంద్రం, అవతలి గట్టున దాని మందుల గది. రెండు మేడల అంచునా ఒక్కో తెల్లని పెట్టె బిగించి, తీగ లేకుండా కంప్యూటర్లను కలిపింది అతనే. అంతవరకూ రేడియోలూ ఫ్యాన్లూ బాగుచేసుకునేవాడు. ఈ పని దొరికిన రోజు వీధంతా మిఠాయి పంచాడు. తీరా చూస్తే వాన లేకపోయినా, గాలి లేకపోయినా సిగ్నల్ ఉన్నట్టుండి పోయేది. కాసేపటికి దానంతటదే వచ్చేది. పోయినప్పుడల్లా పెద్ద నర్సు రుస్మియాతి కిటికీలోంచి కేకేసేది.

"అర్బాయిన్! మందుల చీటీ మళ్లీ పడవలో పంపమంటావా? లోపల నొప్పులు పడుతున్న మనిషికి ఏం చెప్పను, సిగ్నల్ వచ్చాక కనమనా?"

"వచ్చేస్తుందక్కా, ఒక్క నిమిషం!"

వైరు మార్చాడు. పెట్టెలు మార్చాడు. పక్కనున్న టీకొట్టు వైఫై అడ్డొస్తోందని తగవు పడి, దాన్ని ఆపించి చూశాడు. లాభం లేదు. చివరికి పొరుగింటి జుంబ్రీ మేడ మీది పావురాల గూడు అతని కంట్లో పడింది. ఆ గూటి ఇనప రేకులే అడ్డమన్నాడు. జుంబ్రీ ఒప్పుకోకపోతే, ప్రసూతి కేంద్రం పేరు చెప్పి, వీధి పెద్దను వెంటబెట్టుకెళ్లి విప్పించాడు. పావురాలు చీకటి పడేదాకా ఆ కప్పు చుట్టూ తిరిగాయి.

మర్నాడే సిగ్నల్ మళ్లీ పోయింది.

ఆ పైన అర్బాయిన్ వీధిలో తలెత్తి నడవలేదు. ఒక మధ్యాహ్నం గట్టు మెట్ల మీద గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంటే, కూరగాయల పడవ తోసుకుంటూ భార్య మస్తోరా వచ్చింది.

"వంతెన కింద ఇరుక్కుపోయా. సముద్రం పోటుకి కాలువ నీళ్లు పైదాకా వచ్చేశాయి, పడవలో పడుకుని బయటపడ్డా. నువ్వేమో ఇక్కడ గోళ్లు తింటున్నావ్!"

పైన సిగ్నల్ పోయి అప్పటికి కాసేపే అయింది.

"నిన్న కూడా ఇంతేనా?"

"నిన్న ఇంకా పెందరాళే వచ్చింది పోటు. దాంతో నీకేం పని?"

నిన్న సిగ్నల్ కూడా పెందరాళే పోయింది. అర్బాయిన్ తలెత్తి చూశాడు. నీళ్ల మీద పడిన ఎండ పైకి తుళ్లి, పెట్టె కిందున్న చూరు మీద వణుకుతోంది. ఎండలాగే సిగ్నల్ కూడా పోటుకి పైకొచ్చిన నీళ్ల మీద పడి లేచి, తిన్నగా వచ్చే సిగ్నల్‌కు తానే అడ్డు తగులుతోందేమో! పెట్టెకు నీళ్లు కనపడకుండా కాస్త అడ్డం పెట్టి చూడాలి. అందుకు ఒక రేకు కావాలి. దగ్గర్లో రేకులున్నది ఒక్క జుంబ్రీ దగ్గరే.

గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"అన్నా, ఒక రేకు ఇస్తావా?"

"గూడు పీకించావు. ఇప్పుడు రేకు కూడానా? పావురాల్ని కూర వండి పంపమంటావా?"

"తప్పు నాదే అన్నా. అడ్డం గూడు కాదు, నీళ్లు."

"అయితే వీధి పెద్దను పిలిచి కాలువ కూడా పీకించు!"

అన్నాడే గానీ, రేకు తనే మోసుకొచ్చాడు. ఇద్దరూ దాన్ని పెట్టె ముందు, కాస్త కిందగా పట్టుకున్నారు. కిటికీలోంచి రుస్మియాతి అరిచింది, "వచ్చింది!" రేకు తీశారు. "పోయింది!" మళ్లీ పెట్టారు. "వచ్చింది! ఆటలాడుతున్నారా అక్కడ?"

సాయంత్రానికల్లా రెండు పెట్టెలనూ మేడల అంచుల నుంచి వెనక్కి జరిపాడు, ఎదుటి పెట్టె కనపడాలి, నీళ్లు మాత్రం కనపడకూడదు అన్నట్టుగా. ఆ తర్వాత ఎంత పోటు వచ్చినా సిగ్నల్ పోలేదు.

గూడు తనే మళ్లీ కట్టిచ్చాడు. పావురాలు చాలావరకు తిరిగొచ్చాయి.

"నీలం మెడది ఇంకా రాలేదు," అన్నాడు జుంబ్రీ, అతని వైపు చూడకుండానే.

ఇప్పటికీ అర్బాయిన్ ఏ వీధిలోకి పనికి వెళ్లినా, పావురాలు వాలిన కప్పు కనిపిస్తే సైకిలు ఆపి, ఒక్కో మెడనూ పరకాయించి చూస్తాడు.