తడవని గొడుగు

మొన్న మా మనవరాలు నాకు కొత్త కళ్ళజోడు చేయించి, దాంతోపాటు నా చిన్ననాటి డిటెక్టివు నవల ఒకటి మళ్ళీ అచ్చయిందని తెచ్చి ఒళ్ళో పెట్టింది. పుస్తకం తెరిస్తే కొత్త కాగితం వాసనే వచ్చింది గానీ, నాకు మాత్రం పలాసలో మా పెరట్లో కాల్చిన జీడిగింజల పొగే గుర్తొచ్చింది.

యాభైలలో మాట. నాయనమ్మా, మేనత్తా, ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ చేతులకి బూడిద రాసుకుని గింజలు కొట్టి పప్పు తీసేవారు. ఎంత బూడిద రాసినా గింజల తొక్కలోని జీడి రసం అంటుకుని వేళ్ళు నల్లబడేవి. ఆ చేతులతో పుస్తకం ముట్టుకుంటే ఇంకేముంది, అందుకని చిన్నాన్న స్టేషన్లో కొనుక్కొచ్చిన ఈ నవల చదివి వినిపించే పని నాకు అప్పగించారు.

అప్పటికి నా అయిదో తరగతి ముగింపుకొచ్చింది. ఆడపిల్లకి ఆ చదువు చాలని నాయనమ్మ నలుగురిలో అనేసింది. ఆవిడ ఒకసారి అన్నాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా మాట మార్చదు, మా నాన్నగారేమో తల్లికి ఎదురు చెప్పరు. నేను ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాను.

కథ మొదట్లోనే, రాత్రంతా వానలో తిరిగొచ్చానన్న గుమాస్తా గొడుగు పొడిగా ఉందని ఒక వాక్యం వస్తుంది. అది చదవగానే నాయనమ్మ చెయ్యి ఆగింది, చిన్నగా నవ్వుకుంది, మళ్ళీ గింజ కొట్టుకోసాగింది. ఆ తర్వాత మాత్రం కథలో ఒకరోజు వంటమనిషి మీదా, మరోరోజు మేనల్లుడి మీదా అనుమానపడేది. కాస్త చదవగానే ఇవాళ్టికి చాలనేది. తెలియని మాట వస్తే, “పోస్టుమార్టమంటే ఏటే? రేపు బడికెల్లి అడిగొచ్చి సెప్పు” అనేది.

వేసవి సెలవులు అయిపోయాయి, కథ ఇంకా మిగిలే ఉంది. ఒకనాడు పెరడంతా వినేలా నాన్నగారితో, “ఆ కూనీ సేసినోడెవుడో తేలీదాకా దీన్ని బడి మాన్పించకురా, తెలీని మాటలు నాకెవులు సెప్తారు” అంది. నాన్నగారు మర్నాడే నన్ను హైస్కూల్లో చేర్పించారు. హంతకుడు గుమాస్తాయేనని తేలేసరికి నేను ఫస్టు ఫారం, అంటే ఆరో తరగతి, పిల్లని. నాయనమ్మ బూడిద చెయ్యి బుగ్గన వేసుకుని తెగ ఆశ్చర్యపోయింది.

మొన్న చదువుతూ ఆ పొడి గొడుగు దగ్గర ఆగిపోయాను. ఎవరు పప్పు నోట్లో వేసుకున్నారో మొహం చూసి చెప్పేసే మనిషికి గుమాస్తా సంగతి ఆ రోజే తెలియలేదూ! నలుగురిలో అన్న మాట వెనక్కి తీసుకోలేక, తెలిసిన హంతకుణ్ణి అన్నాళ్ళు వదిలేసింది మహాతల్లి. ఆవిడ పుణ్యమా అని చదువుకున్నాను, సోంపేటలో పంతులమ్మనై ముప్ఫయ్యేళ్ళపైన పిల్లలకి పాఠాలు చెప్పాను. అప్పట్లో ఇదేదీ తట్టక, అంతా నీ చలవే అని ఒక్కనాడైనా ఆవిడకి చెప్పుకోలేకపోయాను.

ఇప్పుడు పప్పు యంత్రాలే తీస్తున్నాయట, ఎవరి వేళ్ళూ నల్లబడవు, మంచిదే. పుస్తకం కూడా ఎవరికి వారే మనసులో చదువుకుంటున్నారు, పక్కన ఊఁ కొట్టేవాళ్ళు లేరు. మా మనవరాలికి తెలుగు కూడబలుక్కుని చదవడమే వచ్చు. అందుకే కొత్త కళ్ళజోడు కుదరలేదని చెప్పి, రోజూ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని కాస్త కాస్త చదివించుకుంటున్నాను. హంతకుడెవరు అమ్మమ్మా అని అడిగితే, నాకూ గుర్తులేదనే చెప్పాను.